కారు రిపేరు: మనం ముట్టుకోవాల్సింది ఎంత, షెడ్డుకి వదలాల్సింది ఎంత

కారు రిపేరు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేరే వేరే పనులున్నాయి. లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఒకటి, దానికి కావాల్సిన స్పేరు తెచ్చుకోవడం ఇంకోటి, పాతది ఊడదీసి కొత్తది బిగించడం మూడోది. మనమే చేసుకుందామా, మెకానిక్కి ఇద్దామా అని మనోళ్ళు వాదించుకునేదంతా ఈ మూడోదాని గురించే, అంటే స్పానర్ ఎవరి చేతిలో ఉండాలా అనేదాని గురించే, కానీ డబ్బులు ఎక్కువగా కారిపోయేది మొదటిదాని దగ్గర. బాగుండే పార్టుని పీకి పారేసి దాని స్థానంలో కొత్తది ఎంత చక్కగా బిగిస్తే మాత్రం ఏం లాభం, లోపం ఉన్నచోటే ఉంటుంది.

అందుకే ఈ మూడింటికీ ఒకే జవాబు పెట్టుకోకండి. కనుక్కునే పనిలో మీరు కూడా వేలు పెట్టండి, స్పేరు ఎంతకి యాడ దొరుకుతుందో తెలుసుకోండి, బిగించేది మాత్రం చాలావరకు చేతనైనోళ్ళకి ఇచ్చేయండి. యూట్యూబ్ చూసి ఉత్సాహం వచ్చినోళ్ళు దీన్ని తిరగేసి చేస్తా ఉంటారు, అంటే లోపం ఏందో షెడ్డులో అడిగొచ్చి, స్పేరు ఆన్‌లైన్లో తెప్పించి, ఇంటి ముందర జాకీ ఎత్తుతారు. మూడిట్లో మనకి తక్కువ లాభం, ఎక్కువ ప్రమాదం ఉండే పనినే ఏరుకోవడం అది.

బ్యాటరీ సంగతి తీసుకుందాం, తొందరగా అర్థమవుతుంది. మా వీధిలో ఒకాయన బండి పొద్దున్నే టక్ టక్ అని ఆగిపోతా ఉంటే షెడ్డులో బ్యాటరీ పోయింది సార్ అని కొత్తది వేసేశారు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే టక్ టక్. ఈసారి బోనెట్ ఎత్తి చూస్తే బ్యాటరీకి వైరుని పట్టి ఉంచే నెగటివ్ క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతా ఉంది, దాని కింద తెల్లగా, కొంచెం పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు పొడి. పాత బ్యాటరీకి అప్పటికింకా ప్రాణం ఉండిందో లేదో ఇప్పుడెవరు చెప్తారు, అది ఎక్స్చేంజిలో పోయింది. అమరాన్ బ్యాటరీలు తయారుచేసే అమరరాజా ఫ్యాక్టరీ మన తిరుపతి పక్కన కరకంబాడిలోనే ఉంది, అయినా మన ఊర్లో బ్యాటరీ బతికుందో లేదో కొలిచి చూసుకునే అలవాటు మాత్రం లేదు. మూడు నాలుగు వందల మల్టీమీటరు చాలు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు కొలిస్తే 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఇంజన్ ఆన్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యలోకి ఎక్కాలి, అది ఎక్కకుండా 12 దగ్గరే కూర్చుంటే బ్యాటరీ కాదు, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి, అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా అవి కూడా దిగిపోతాయి. రెండు కొలతలూ బాగానే ఉండి స్టార్ట్ కాకపోతే క్లాంపు, ఎర్త్ వైరు, స్టార్టర్ మోటరు, ఈ వరసలో అనుమానించాలి. పొడి కడగడానికి వేడినీళ్ళు, పాత టూత్ బ్రష్ సరిపోతాయి, విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర, స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రాకుండా ఉండేది ఈ వరస వల్లే.

ఇట్లాంటిదే స్టీరింగ్ వణుకు. వణుకుతా ఉంది అని చెప్తే చాలా చోట్ల నేరుగా అలైన్‌మెంటుకి (చక్రాల కోణాలు సరిచేసే పనికి) పంపిస్తారు, ఎందుకంటే అందరికీ తెలిసిన మాట అదొక్కటే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే ముందు చక్రాల డిస్కుల మీద అనుమానం పెట్టుకోవాలి. బ్రేకుతో సంబంధం లేకుండా 80 దాటినాక మొదలై ఇంకా స్పీడు పెంచితే తగ్గిపోయేదైతే అది సాధారణంగా వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు అన్ని పక్కలా సమానంగా లేకపోవడం. వణుకేమీ లేదు, చెయ్యి వదిల్తే బండి ఒక పక్కకి లాగుతుంది అంటే మొదట టైర్లలో గాలి, తర్వాత అలైన్‌మెంటు, అదీ కాకపోతే ఒక చక్రం దగ్గర బ్రేకు పట్టేసి ఉండొచ్చు. కాసేపు నడిపి ఆపి చక్రాల దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూస్తే (డిస్కుని తాకొద్దండి, చర్మం ఊడొస్తుంది) ఒక్కటే సెగలు కక్కుతా ఉంటుంది. ఇంత తెలియడానికి స్పానర్ పట్టక్కర్లేదు, నాలుగు రోజులు గమనిస్తే చాలు.

ఇంక ఆ ఓబీడీ అడాప్టర్లు. డ్రైవర్ మోకాలి దగ్గర డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, దాంట్లో గుచ్చి బ్లూటూత్ మీద ఫోన్‌కి కలిపితే చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ వస్తుంది. కొనుక్కోండి, మంచిదే, కాకపోతే కోడ్ అంటే రోగం పేరు కాదు, రోగలక్షణం. పి0171 అని వస్తే ఇంజన్‌లోకి పోయే మిశ్రమంలో పెట్రోలుకి ఉండాల్సినదానికంటే గాలి ఎక్కువైందని మాత్రమే అర్థం, దానికి కారణం గాలి పైపు పగిలి ఉండొచ్చు, గాలి కొలిచే సెన్సారుకి దుమ్ము పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు, చివరాఖరికి ఆక్సిజన్ సెన్సార్ అయినా కావచ్చు. కోడ్ చూసి సెన్సార్ మార్చేసే మెకానిక్కీ, కోడ్ చూసి ఆన్‌లైన్లో సెన్సార్ ఆర్డర్ పెట్టేసే ఓనరుకీ పెద్ద తేడా లేదు. అయితే షెడ్డుకి పోకముందే కోడ్ మీ ఫోన్లో ఉంటే వాళ్ళు చెప్పేదానికీ దానికీ పొంతన ఉందో లేదో తెలుస్తుంది, నా లెక్కలో ఆ అడాప్టర్ వల్ల అసలు లాభం అదే. ఒకటి మాత్రం చెయ్యొద్దు, పోకముందే మీరే కోడ్ చెరిపేయొద్దు, అది పోతే దాంతోపాటు దాచిపెట్టుకున్న వివరాలు కూడా పోతాయి.

సరే, బిగించే పనిలో ఏది మనం చేసుకోవచ్చు? నాకు నచ్చిన కొలమానం ఒక్కటే: నేను చేసింది ఫెయిలైతే బండి యాడ ఆగుతుంది? ఏసీ ఫిల్టర్ తప్పు పెడితే ఏసీ సరిగ్గా రాదు, అంతే. ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, మామూలు బల్బులు, ఫ్యూజులు, స్టెప్నీ మార్చడం, గాలి చూసుకోవడం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ చూడటం, స్టెప్నీ నట్లు సరిగ్గా బిగించకపోవడం ఒక్కటి తప్ప ఇవేవీ తప్పైనా ఇంటి గేటు దాటవు. చాలా కార్లలో ఏసీ ఫిల్టరు గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది, గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కితే కిందికి వాలుతుంది, ఫిల్టర్ లాగి కొత్తది పెట్టడానికి ఒక కాఫీ తాగినంత సేపు పట్టదు, దీనికి లేబర్ చార్జీ కట్టడం నాకైతే మనసు ఒప్పదు. స్టెప్నీ మాత్రం ఒకసారి ఇంటి దగ్గర తీరిగ్గా మార్చి చూడండి, ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు మీ వీల్ రెంచికి వస్తాయో రావో రాత్రిపూట హైవే పక్కన తెలుసుకోవాల్సిన విషయం కాదు.

బ్రేకులు వేరే సంగతి, మన ఊర్లో మరీనూ. తిరుమల కొండ నుంచి కిందికి దిగే ఘాట్ 1944లో వేసిన మొదటి రోడ్డు, ఎక్కేది 1974లో వచ్చింది. ఎక్కేటప్పుడు ఇంజన్‌కి పరీక్ష, దిగేటప్పుడు బ్రేకులకి. లెక్కేసి చూడండి, మనుషులతో కలిపి 1,200 కిలోల బండి కొండ మీంచి దాదాపు 700 మీటర్లు కిందికి దిగితే అందులోంచి బయటపడే శక్తి ఇరవై లీటర్ల పైచిలుకు నీళ్ళని మరిగించేంత ఉంటుంది, అదంతా యాడికో ఒకచోటికి పోవాలి గదా. గాలికి కొంత, గేర్‌లో పెట్టి దిగితే ఇంజన్ కొంత తీసుకుంటుంది, మిగిలిందంతా బ్రేకు డిస్కులకీ, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లకీ. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. న్యూట్రల్లో పెట్టి పెట్రోలు మిగిలించుకుందాం అనుకునేవాళ్ళు ఆ వేడంతా ప్యాడ్ల నెత్తిన పెడతా ఉంటారు. టీటీడీ వాళ్ళు ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలని పెట్టింది కూడా ఊరికే కాదు, దిగేటప్పుడు మెల్లిగా వస్తేనే ఆ వేడి చల్లారడానికి టైం దొరుకుతుంది.

ఇందులో ఎవరూ పట్టించుకోనిది బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమని పీల్చుకునే రకం. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది, డాట్ 3 అయితే 205, 140. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ఊర్లో తిరిగినంత కాలం ఇది ఎప్పటికీ బయటపడదు, బయటపడేది దిగే ఘాట్లోనే. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమని చాలా మాన్యువల్స్ చెప్తాయి, ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకునేవాళ్ళని చాలామందిని చూశా గానీ బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు అంటే అందరూ ఆకాశం వైపు చూస్తారు.

ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చా అంటే మార్చుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు, నాలుగు బోల్టులు, ప్యాడ్లని తోసే పిస్టన్ వెనక్కి నొక్కడం, ప్యాడ్లు పట్టే భాగం జారే పిన్నులకి బ్రేకు గ్రీజే పెట్టడం. కానీ వీడియోలో ఒక్క సెకను కూడా కనపడని సంగతి ఒకటుంది. పిస్టన్ వెనక్కి నొక్కినాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కుతా ఉండాలి, అది మర్చిపోయి రివర్స్ తీస్తే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేలకి తాకుతుంది, వెనకాల గోడ ఉంటే గోడ, మనిషి ఉంటే మనిషి. ఇట్లాంటి చిన్న చిన్నవి రోజూ చేసేవాడి చేతికి వాటంతటవే వచ్చేస్తాయి, సంవత్సరానికి ఒకసారి చేసేవాడికి రావు. నన్నడిగితే బ్రేకు పని మనం చూడాలి, చెయ్యకూడదు. పక్కన నిలబడి పాత ప్యాడ్ మందం చూడండి, లోపలి ప్యాడ్ కూడా చూడండి, బయటిది బాగుండి లోపలిది అరిగిపోయి ఉంటే పిన్ను పట్టేసిందని అర్థం, అప్పుడు ప్యాడ్లు ఒక్కటే మారిస్తే మళ్ళీ అట్లాగే అరుగుతాయి.

ఎయిర్‌బ్యాగు వైరింగ్, సస్పెన్షన్ స్ప్రింగులు, పెట్రోల్ పైపులు, ఏసీ గ్యాసు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో హైవోల్టేజి పోయే నారింజ రంగు కేబుళ్ళు, వీటి జోలికి పోవద్దు, దీని మీద చర్చ లేదు. బండితోపాటు వచ్చిన జాకీ టైరు మార్చడానికి తప్ప బండి కిందికి దూరడానికి కాదు.

ఇంజన్ ఆయిల్ మార్చడం అందరూ సులువు అంటారు, సులువే, కానీ నాకు అది లాభం లేని బేరం అనిపిస్తుంది. లేబర్‌లో మిగిలేది కొంచెం, డ్రెయిన్ బోల్టు ఎక్కువ బిగిస్తే ఆయిల్ ఉండే అల్యూమినియం చాంబర్‌లో త్రెడ్డు పోతుంది, అది లేత్ పని, పాత ఆయిల్‌ని మురుక్కాలవలో పొయ్యకూడదు. ఆయిల్, ఫిల్టరూ మీరు కొనుక్కుపోండి, గ్రేడు మాన్యువల్లో ఏముంటే అదే, 5డబ్ల్యు30 అని ఉంటే అదే, చిక్కటిది పోస్తే ఇంజన్‌కి బలం అనే మాట పాత కార్లతోనే పోయింది. సీలు మీ ఎదురుగా తీయించి ఖాళీ డబ్బా మీరే తెచ్చుకోండి.

స్పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. కంపెనీ డబ్బాలో వచ్చేది, అదే కంపెనీకి సప్లై చేసేవాడు సొంత పేరుతో అమ్మేది, లోకల్ది, ఇంక డూప్లికేటు, ఇట్లా నాలుగు రకాలుంటాయి. రెండో రకం చాలాసార్లు మొదటిదానితో సమానం, రేటు తక్కువ. డూప్లికేటుకి డబ్బా మాత్రం ఒరిజినల్ కంటే అందంగా ఉంటుంది, అందుకే తెలిసిన షాపు, ఎమ్మార్పీ, బిల్లు, ఈ మూడూ చూసుకోండి. చిత్తూరు వాళ్ళు వేలూరుకీ, తిరుపతి వాళ్ళు చెన్నైకీ పోవడం మామూలే, మద్రాసు పుదుపేటలో సెకండ్ హ్యాండ్ పార్టు దొరకని బండి లేదంటారు, డోరు, అద్దం, హెడ్‌లైటు లాంటివి అక్కడ తెచ్చుకోండి, బ్రేకు, స్టీరింగ్ పార్టులు మాత్రం ఎవరో వాడి పారేసినవి తేవద్దు. ఇంకోటి, స్పేరు మీరు తెచ్చిస్తే దానికి మెకానిక్ గ్యారంటీ ఇవ్వడు, అది న్యాయమే. ఆరు నెలలకి శబ్దం వస్తే నీ బిగింపు బాలేదు అని మీరు, నీ స్పేరు బాలేదు అని ఆయన. పెద్ద పనులకి స్పేరు కూడా ఆయన్నే తెమ్మనడం మంచిది, కొంచెం మార్జిన్ తీసుకున్నా జవాబుదారీ ఒక్కడే అవుతాడు.

ఇప్పుడు నమ్మకమైన మెకానిక్. మనం నమ్మకం అనేటప్పుడు నిజాయితీ ఒక్కటే చూస్తాం, మోసం చెయ్యకపోతే చాలు అనుకుంటాం. పైసా ఎక్కువ తీసుకోని మంచివాడే, పనితనం లేకపోతే మీ బండిలో వరసగా బాగుండే పార్టులన్నీ మార్చుకుంటా పోతాడు, మోసగాడి బిల్లు కంటే ఆ బిల్లు తక్కువేమీ రాదు. పనితనం ఉండీ స్కానర్ లేకపోతే కొత్త కాలుష్య నిబంధనల బిఎస్6 బండి దగ్గర ఆయన చేతులు కట్టేసినట్టే. అంటే నిజాయితీ, పనితనం, సామాను, మూడూ ఒకేచోట ఉండటం కష్టం, అందుకే ఒకే మెకానిక్‌ని వెతకొద్దు. సస్పెన్షన్, క్లచ్ పనికి ఒక షెడ్డు, ఎలుకలు వైర్లు కొరికితే ఆటో ఎలక్ట్రీషియన్, ఏసీకి ఏసీ చేసేవాళ్ళు, డీజిల్ బండి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగి హైవే మీద నడిపినా ఆరకపోతే కంపెనీ సర్వీసు. అన్నీ నేనే చేస్తా అనేవాడి కంటే "ఇది నాది కాదు సార్, ఫలానా ఆయన దగ్గరికి పొండి" అనేవాడి దగ్గరికి నేను మళ్ళీ పోతా.

ఎట్లా కనుక్కోవాలంటే, తిరుపతి స్టేషన్ దగ్గరా బస్టాండ్ దగ్గరా కొండకి తిప్పే ట్యాక్సీ డ్రైవర్లని అడగండి. బ్రేకులు, క్లచ్చు ఎవరి దగ్గర చేయిస్తావన్నా అని అడిగితే ఒకే పేరు ఇద్దరు ముగ్గురు చెప్తే దానికి విలువుంది, రోజూ ఘాట్ దిగేవాడి ప్రాణం ఆ బ్రేకు మీదే ఉంటుంది గదా. కాకపోతే వాళ్ళకి బండి ఒక రోజు ఆగితే ఆ రోజు ఆదాయం పాయ, కాబట్టి తొందరగా, చౌకగా చేసేవాళ్ళకి మార్కులు ఎక్కువేస్తారు, పెయింటింగ్ విషయంలో వాళ్ళ సలహా నేనైతే తీసుకోను. పేరు దొరికినాక పెద్ద పనితో మొదలుపెట్టకండి, జవాబు మీకు ముందే తెలిసిన చిన్న పనితో పోండి. ఆయన మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతాడా, బండి నడిపి చూస్తాడా, బోనెట్ ఎత్తకముందే రేటు చెప్తాడా చూడండి.

"అన్నా, ముందర ఎడమ పక్క గుంతల్లో డబ్ డబ్ అంటా ఉంది."
"బ్రేకు తొక్కితే కూడా వస్తుందా సార్? స్టీరింగ్ తిప్పితే?"
"తిప్పితే రాదు."
"అయితే సస్పెన్షన్లో లింక్ రాడ్ అయి ఉండొచ్చు. ఎత్తి చూస్తేగాని చెప్పను."

ఈ ఆఖరి మాట చెప్పినోడికి సగం మార్కులు అక్కడే. మిగతా సగం, మధ్యలో ఇంకేదైనా పోయింది అంటే ఫోన్ చేసి అడిగి చేశాడా లేదా, తీసిన పార్టు అడగకుండానే చూపించాడా అనేదాంట్లో.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో సామాను, స్కానర్లు బాగుంటాయి, ఇబ్బంది ఆ లిస్టుతో. ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బన్, ఏసీ శానిటైజేషన్, కోటింగ్ అని అడ్వైజరు చదువుతా పోతాడు, పాపం చాలాచోట్ల వాళ్ళకీ టార్గెట్లు ఉంటాయి. మాన్యువల్లో ఆ కిలోమీటర్లకి ఏముందో తెరిచి చూపించి అది చెయ్యండి చాలు అంటే పని అయిపోతుంది. బయట చేయిస్తే వారంటీ పోతుంది అని బెదిరించడం పాత అలవాటు. ఇట్లాంటి పద్ధతుల మీదే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, స్పేర్లు బయట అమ్మనివ్వాలి, బయట మెకానిక్ దగ్గరికి పోయినంత మాత్రాన వారంటీ రద్దు అనకూడదు అని చెప్పింది, తర్వాత కంపెనీలు అప్పీలుకి పోయాయి అనుకోండి. 2022 డిసెంబర్లో కేంద్రం పెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్లో కూడా ఆటోమొబైల్ రంగం ఉంది. బయట చేసిన పని వల్లే ఒక పార్టు చెడితే దాని వరకూ కంపెనీ కాదనొచ్చు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. వారంటీ ఉన్నన్నాళ్ళు పెద్ద పనులు అక్కడే చేయించుకోవడం తలనొప్పి తక్కువ.

షెడ్డైనా కంపెనీ అయినా బిల్లు తీసుకోండి, తెల్లకాగితం మీద రాసినా సరే తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారో, సంతకం ఉండాలి. బిల్లు లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోయినా చెప్పుకోడానికి ఆధారం ఉండదు. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు.

చివరగా షెడ్డుకి పోయినప్పుడు ఎట్లా చెప్పాలంటే, "షాక్ అబ్జార్బర్ మార్చన్నా" అని మందు చెప్పకండి, జబ్బు చెప్పండి. మీరు మార్చమంటే మారుస్తాడు, శబ్దం అట్లాగే ఉంటే మీరే గదా చెప్పారు అంటాడు, ఆ మాటకి మీ దగ్గర సమాధానం ఉండదు. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కినాకా, ఎంత స్పీడులో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఏసీ వేస్తే వస్తుందా ఆపితే కూడా వస్తుందా, ఎప్పటినుంచి, ఇవి చెప్పండి. షెడ్డు ముందర బండి ఆపగానే శబ్దం మాయమైపోవడం అందరికీ తెలిసిందే, అందుకే వచ్చినప్పుడే పక్కనున్నవాళ్ళతో ఫోన్లో రికార్డు చేయించి పెట్టుకోండి, దాన్ని వినిపించినాక బండి ఆయన చేతికిచ్చి మీరు పక్క సీట్లో కూర్చుని, శబ్దం వచ్చే రోడ్డు మీదికే తీసుకుపొమ్మనండి.